ఏడో పీపాకి నేనేసిన ఓటు

ఇరవై ఆరేళ్ళపాటు చేసిన ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, "ఇది తియ్యగా ఉండదండీ" అని చెప్పడం అంటాను. మిగతాదంతా డ్రైవింగు. జర్మనీలో మోసెల్ నది ఒడ్డున ఒక కుటుంబం నాలుగు తరాలుగా రీస్లింగ్ ద్రాక్షతో తీపి లేని తెల్ల వైన్ చేస్తోంది. దాన్ని అమెరికాకి తెప్పించే ఒక చిన్న కంపెనీలో, వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో, నేను పనిచేశాను. ఇక్కడ రీస్లింగ్ అనగానే పానకం అనుకుంటారు. తియ్యగా ఉంటుందని భయపడేవాళ్ళు కొనరు. తియ్యగా ఉంటుందని ఆశపడేవాళ్ళు కొని, ఒక గుక్క తాగి, తిరిగిచ్చేస్తారు. ఈ రెండు వర్గాలూ పోగా మిగిలిన కొద్దిమందిని వెతుక్కుంటూ వర్జీనియా నుంచి టెక్సస్ దాకా తిరగడమే నా వృత్తి.

ఈ మధ్య మనవాళ్ళ పిల్లలు ఒకరిద్దరు ఈ వ్యాపారంలోకి వస్తామంటూ నాకు ఫోన్ చేస్తున్నారు. వాళ్ళ తల్లిదండ్రులు కూడా చేస్తున్నారు, వేరే ఉద్దేశంతో. విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. ద్రాక్ష రకాల గురించీ, నేలల గురించీ మంచి పుస్తకాలున్నాయి. వాటిలో లేని ఒక సంగతి నేను తప్పు చేసి నేర్చుకున్నాను. దాని గురించే ఇది.

వెనిగర్ నుంచి వెనక్కి

నేను చదివింది కెమిస్ట్రీ. మొదటి ఉద్యోగం ఇక్కడే, ట్రాయ్ అనే ఊరి దగ్గర ఒక వెనిగర్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో. వైన్ పాడైతే వెనిగర్ అవుతుంది. నేను వెనిగర్‌తో మొదలుపెట్టి వైన్‌కి వచ్చాను. ఇలా వెనక్కి ప్రయాణం చేసిన సరుకు నాకు తెలిసి నేనొక్కడినే.

నన్ను ఇటు తెచ్చింది డోనా, ఆ దిగుమతి కంపెనీ యజమాని. ఏదో పని మీద మా ఫ్యాక్టరీకి వచ్చింది. నేను కళ్ళు మూసుకుని నాలుగు గ్లాసులు వాసన చూసి ఏది ఏ ట్యాంకుదో చెబుతుంటే పక్కనే నిలబడి చూసింది. "ఈ ముక్కు ఇక్కడ వేస్ట్ అయిపోతోంది" అంది. అప్పటిదాకా నా ముక్కు గురించి మంచిమాట ఎవరూ అనలేదు. ఉద్యోగం మారిపోయాను.

ఇంట్లో చెబితే మా ఆవిడ విజయ కాసేపు ఆలోచించింది. "మా వాళ్ళకి కెమిస్టనే చెబుదామండీ. అబద్ధమేం కాదుగా" అంది. మా రెండు కుటుంబాలకీ నేను ఇవాళ్టికీ రిటైరైన కెమిస్టునే.

మొదటిరోజు డోనా నా ముందు పద్దెనిమిది గ్లాసులూ, ఒక బకెట్టూ పెట్టింది. ఒక్కొక్కటీ నోట్లో పోసుకుని, పుక్కిలించి, బకెట్టులో ఉమ్మాలి. బల్ల చుట్టూ నలుగురున్నారు. నలుగురికీ అదే బకెట్టు. ఎంగిలి అనే మాట రోజుకి పదిసార్లు వినపడే ఇంట్లో పెరిగినవాడికి అది తేలిక కాదు. మర్యాదగా మింగేశాను. మధ్యాహ్నం రెండింటికల్లా డోనా నన్ను కార్లో ఇంటికి దింపాల్సి వచ్చింది. మర్యాద వల్ల ఈ వృత్తిలో నష్టముందని ఆ రోజే అర్థం చేసుకోవాల్సింది. నేను మాత్రం బకెట్టుకి కాస్త దగ్గరగా కూర్చోవాలని మాత్రమే అర్థం చేసుకున్నాను.

ఉమ్మడం వారంలో వచ్చేస్తుంది. సిగ్గుపడకండి.

మనవాళ్ళ గురించి కూడా ఒక మాట చెప్పాలి. తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్‌లకి నేను సీసా పట్టుకెళితే ముందు ఎవరూ ముట్టుకునేవారు కాదు. తర్వాత ఒక పెద్దాయన, రిటైరైన గుండె డాక్టరు, నన్ను పక్కకి పిలిచేవాడు.

"ఏమోయ్ రావ్, ఇందులో షుగర్ ఎంతుంటుంది?"

"దాదాపు లేదండీ."

"మరి ముందే చెప్పవేం! ఒక గ్లాసు పొయ్యి."

అమెరికా మొత్తంలో రీస్లింగ్ గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న సరిగ్గా అడిగింది మన డయాబెటిస్ పెద్దలే. ఈ విషయం నేను కంపెనీ మీటింగ్‌లో చెబితే ఎవరూ నోట్ చేసుకోలేదు.

హిల్డెగార్డ్ గారి కొండవాలు

ఆ జర్మన్ కుటుంబం పేరు రాయను. అనుమతి అడిగితే ఇస్తారు, కానీ ముందు ఇదంతా చదివి తప్పులు దిద్దుతారు. పెద్దావిడ పేరు హిల్డెగార్డ్. కొడుకు యోహెన్. భర్త పోయాక నేలమాళిగ, పీపాలు, తోట అన్నీ ఆవిడే చూసుకుంది. తర్వాత కొడుకు వచ్చి చేరాడు.

వాళ్ళకి నది పక్కన చదును నేల కొంత ఉంది. దానిపైన ఒక కొండవాలు ఉంది. దాన్ని వాలు అనడం మర్యాద, నిజానికి అది గోడ. పలకరాళ్ళ ముక్కల్లో పాతకాలపు తీగెలు, ఒక్కో తీగెకి ఒక్కో కర్ర. యంత్రం ఎక్కదు. మనిషి కూడా ఒక చేత్తో ఏదో ఒకటి పట్టుకునే ఎక్కాలి. కింద చదునులో గంట పని, పైన రోజు పని. కానీ ఆ పలకరాళ్ళ మీద పండిన ద్రాక్షకి తీపి తీసేశాక కూడా చెప్పడానికేదో మిగిలి ఉంటుంది. తడిసిన రాయి, నిమ్మతొక్క, కొంచెం ఉప్పు. ఇంతకన్నా వర్ణిస్తే డోనా కొట్టేసేది.

ఆ వాలు మీది వైన్ దాదాపు అంతా అమెరికాకే వచ్చేది. జర్మనీలో వాళ్ళ పాత ఖాతాదారులకి చదును నేలది చాలు. అంటే మేము అమ్మితేనే ఆ వాలుకి అర్థం. యోహెన్ ఎప్పటినుంచో దాన్ని వదిలేద్దామంటున్నాడు. అతన్ని తప్పుపట్టలేం. అక్కడ మోకాళ్ళు అరగదీసుకుంటున్నది అతనే.

ఏటా మార్చిలో తల్లీకొడుకులు ఇక్కడికి వచ్చేవారు. సూట్‌కేసులో ఆ వాలు తాలూకు మూడు పీపాల నుంచి ఒక్కో సీసా నమూనా తెచ్చేవారు. ఐదో పీపా, ఆరోది, ఏడోది. హోటలు దిండ్లు పడవని ఆవిడ మా ఇంట్లోనే దిగేది. ఒకరోజు మా వంటింటి బల్ల దగ్గర, వాళ్ళ ఇంటి ఆచారం ప్రకారం ఓటు జరిగేది.

ఆచారం ఇదీ. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళందరూ మాట్లాడకుండా ప్రతి నమూనా రుచి చూస్తారు. చీటీ మీద అవును అనో కాదు అనో రాస్తారు. ఇంటివాళ్ళైనా, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళైనా, ఆ పూట బల్ల దగ్గర కూర్చుంటే ఓటుంది. ఏ పీపాకి ఒక్క కాదు వచ్చినా దాన్ని పక్కన పెట్టేసి మిగతావి మాత్రమే కలిపి సీసాల్లో పోస్తారు. చర్చ లేదు.

బయటివాళ్ళకి ఓటెందుకని నేనొకసారి అడిగాను. "రోజూ ఆ మాళిగలోనే ఉంటాం. మా వాసన మాకు తెలియదు" అంది హిల్డెగార్డ్. ఇంత ముఖ్యమైన మాట విని నేను తలూపి, ఆవిడకి ఇంకో గరిటె పప్పు వడ్డించాను.

ఏడో పీపా

ఆ ఏడాది డోనా ఊళ్ళో లేదు. యోహెన్‌కి విమానంలో పట్టిన జలుబు. బల్ల దగ్గర కూర్చున్నది ముగ్గురం. విజయ ఎప్పటిలాగే నిలబడి వడ్డిస్తోంది. అతిథులు తింటుంటే తను కూర్చోదు. ఎన్ని దేశాలు మారినా అది మారలేదు.

ఏడో నంబరు గ్లాసు ఎత్తగానే నాకు తెలిసిపోయింది. పండు వాసన ఉంది, దాని వెనక ఇంకేదో ఉంది. విజయ వైన్ తాగదు. కానీ ఇంగువ డబ్బా మూత తీయకుండానే అది మంచిదో కాదో చెప్పగలదు. గిన్నె పట్టుకుని నా పక్కగా వెళుతూ ఒక్క క్షణం ఆగింది.

"ఏమండీ, అది ముక్కిన బియ్యం వాసన వస్తోంది."

"ఊరుకో. వింటారు."

"తెలుగులో వింటే ఏమవుతుంది?"

"ఊరుకోమన్నానా!"

పీపా చెక్కలో ఎక్కడో బూజు చేరితే వచ్చే వాసన అది. వెనిగర్ ల్యాబ్‌లో దాన్ని పట్టుకున్నందుకే నాకు జీతమిచ్చేవారు. ఎదురుగా హిల్డెగార్డ్ ఆశగా చూస్తోంది. డెబ్బై ఏళ్ళ మనిషి, సముద్రం దాటి, సీసాని ఉన్ని చొక్కాలో చుట్టి తెచ్చింది. నా ఇంట్లో, నా బల్ల దగ్గర, నా ఉప్పు తింటోంది. ఇంటికొచ్చిన మనిషి తెచ్చినదాన్ని బాగాలేదని మా వంశంలో ఎవరూ అనలేదు. చీటీ మీద అవును అని రాశాను. కింద, అవసరం లేకపోయినా, "చాలా" అని కలిపాను.

విజయ చీటీ రాయలేదు. కూర్చోలేదు కాబట్టి ఓటు లేదు.

మూడు పీపాలూ కలిసిపోయాయి. వేసవిలో సీసాలు వచ్చాయి. ఆకులు రాలేటప్పటికి సీసాలు తిరిగి రావడం మొదలైంది. మొదట హెర్న్‌డన్ నుంచి, తర్వాత ట్రాయ్ నుంచి, చివరికి టెక్సస్‌లోని ప్లేనో నుంచి. బూజు వాసన సీసాలో ఉండేకొద్దీ ముదురుతుంది. ఈ ఒక్క విషయంలో దానికి మంచి వైన్‌తో పోలికుంది.

డోనా నన్ను గదిలోకి పిలిచి ఒక గ్లాసు ముందు పెట్టింది.

"ఇది మార్చిలో నువ్వు చూశావా?"

"చూశాను."

"అప్పుడు తెలియలేదా?"

"తెలిసింది."

డోనా గ్లాసు పక్కకి జరిపింది. "మరి?"

"ఆవిడ మా ఇంటికి భోజనానికి వచ్చింది."

"రావ్, నిన్ను తీసేయడానికి ఇంత చక్కటి కారణం మళ్ళీ దొరకదు" అంది. తీసేయలేదు. తీసేస్తే నేను ఆ సీసాలన్నీ స్వయంగా వెళ్ళి వెనక్కి తెచ్చే పని తప్పేది. మూడు రాష్ట్రాలు తిరిగి తెచ్చాను. తప్పు చేసినవాణ్ణి ఆ తప్పు దగ్గరికి పంపించే బాస్ దొరికితే వదులుకోకండి. ఆ సమయంలో అలా అనిపించదు.

మళ్ళీ మార్చి

మరుసటేడు తల్లీకొడుకులు రెండే నమూనాలు తెచ్చారు. ఈసారి బల్ల దగ్గర డోనా కూడా ఉంది. ఏడో పీపాని పగలగొట్టి పొయ్యిలో పెట్టేశారట. మిగిలిన రెండు పీపాలు కలిపిన తీపి లేని వైన్ ఒక సీసాలో ఉంది. రెండో సీసాలో అదే వైన్, కొంచెం తియ్యటి ద్రాక్షరసం కలిపినది. అది యోహెన్ ఆలోచన. టెక్సస్‌లో చాలా దుకాణాలున్న ఒక పెద్ద కంపెనీ, తియ్యగా చేస్తే ఉన్నదంతా తీసుకుంటామంది.

"తీపిది గెలిస్తే ఇక ఆ వాలు అక్కర్లేదు" అన్నాడు యోహెన్. "తీపి వేశాక ఏ నేలదో ఎవరికీ తెలియదు. చదునుది చాలు. కోత అవగానే పైన తీగెలు పీకేస్తాను."

హిల్డెగార్డ్ తను ఈసారి ఓటు వేయనంది. తన ఓటు ఏమిటో అందరికీ తెలుసు కాబట్టి అది ఓటు కాదంది.

గ్లాసులు పోసే ముందు నేను, పోయినేడాది నాకు తెలిసే రాశానని చెప్పాను. ఎందుకు రాశానో కూడా చెప్పాను. చెబుతున్నప్పుడు మర్యాద అనే మాట ఇంగ్లీషులో ఎంత పేలవంగా ఉంటుందో తెలిసింది.

యోహెన్ ఎర్రబడ్డాడు. హిల్డెగార్డ్ కోపగించుకోలేదు. అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు ముఖం పెట్టింది. అది ఇంకా కష్టంగా ఉంది.

"నీ ఒక్కడికే తెలిసిందా?"

"విజయకి కూడా. ముందు తనే చెప్పింది."

ఆవిడ లేచి, గోడవార ఉన్న కుర్చీ లాక్కొచ్చి బల్ల దగ్గర వేసింది. "కూర్చోమను."

"అయ్యో, వద్దండీ, అప్పడాలు వేగుతున్నాయి" అంది విజయ తెలుగులో.

"ఏమంటోంది?"

"అప్పడాలంటోంది."

"నేను వేయిస్తాను" అని డోనా లేచింది. అవి ఎలా వేగాయో ఇక్కడ రాయను. విజయ కూర్చుంది. ఆ ఇల్లు కొన్నాక అతిథులతోపాటు బల్ల దగ్గర తను కూర్చోవడం అదే మొదటిసారి. చీర కొంగు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో ముడిచి పెట్టుకుంది.

తీపి నమూనా చెడ్డది కాదు. అదే ఇబ్బంది. చెడ్డదైతే ఎవరైనా కాదనగలరు. యోహెన్ నావైపు చూస్తున్నాడు. అతను కూడా మా ఇంటి అతిథే. అతని మోకాళ్ళు కూడా గుర్తొచ్చాయి. చీటీ మీద కాదు అని రాశాను. ఈసారి కింద ఏమీ కలపలేదు. 

హిల్డెగార్డ్ చీటీలు విప్పింది. యోహెన్, అవును. డోనా, అవును. ఆవిడ అమ్ముకోవాల్సిన మనిషి, ఆ నిజాయితీ నాకు నచ్చింది. నాది, కాదు. నాలుగో చీటీ పట్టుకుని హిల్డెగార్డ్ దాన్ని తలకిందులుగా తిప్పి చూసింది. తెలుగులో ఉంది.

"వద్దు అని రాసింది" అన్నాను.

"రుచి కూడా చూడలేదు కదా!" అన్నాడు యోహెన్.

విజయ తన కారణం తెలుగులో నాకు చెప్పింది. నేను వాళ్ళకి చెప్పాను. "నిన్నటి చారులో ఇవాళ్టి చారు కలిపిన వాసన వస్తోందంటోంది."

యోహెన్ గ్లాసు ఎత్తి మళ్ళీ వాసన చూశాడు. ఈసారి చాలాసేపు చూశాడు. జలుబు లేదు మరి. గ్లాసు దించి నాతో అన్నాడు. "నీ కారణం ఏమిటి?"

"బాగుంది యోహెన్. కానీ ఇది ఎవరు చేసిందైనా కావచ్చు. ఆ వాలుది కాదు."

"సరే. అయితే తీపి లేనిది నువ్వే అమ్ము. కోత మొదలయ్యేలోపు మొత్తం అమ్ముడుపోతే వాలు ఉంటుంది. లేకపోతే పీకేస్తాను." తల్లి వైపు చూశాడు. ఆవిడ తలూపింది. న్యాయమే.

ప్లేనోలో

ఆ మార్చిలోనే, పోయినేడాది సీసాలు తిప్పి పంపిన రెస్టారెంట్లకే ముందు వెళ్దామని నిర్ణయించుకున్నాను. డోనా పిచ్చి అంది. రెండు సీసాలు పట్టుకున్నాను. ఒకటి పాతది, బూజుది. ఒకటి కొత్త నమూనా. నేనూ వస్తానని హిల్డెగార్డ్ బయల్దేరింది.

ప్లేనోలో వైన్‌లు కొనే అమ్మాయి పేరు స్నేహ. తెలుగువాళ్ళమ్మాయి, ఇక్కడే పుట్టింది. నన్ను చూడగానే చేతులు కట్టుకుంది.

"అంకుల్, మీ లాస్ట్ ఇయర్ వైన్ ఓపెన్ చేసి మా మేనేజర్‌కి స్మెల్ చూపిస్తే, బేస్‌మెంట్ ఫ్లడ్ అయిందా అని అడిగాడు."

"నిజమేనమ్మా. దాన్ని పాస్ చేసింది నేనే. ఇదుగో, అదే సీసా. పక్కన ఈ ఏడాదిది. రెండూ చూడు."

"బ్యాడ్ బాటిల్ మీరే తెచ్చారా? ఎవరైనా అలా చేస్తారా? అసలు ఎందుకు పాస్ చేశారు?"

"ఈవిడ మా ఇంటికి భోజనానికి వచ్చింది."

స్నేహ ఆవిడ వైపు చూసింది. నా వైపు చూసింది. "ఓ. మా మమ్మీ సేమ్, అంకుల్. బ్యాడ్ హెయిర్‌కట్ చేస్తే టిప్ ఎక్కువ ఇచ్చి వస్తది."

కొత్త సీసా పోశాను. స్నేహ నోట్లో పోసుకుని, పుక్కిలించి, చక్కగా సింకులో ఉమ్మింది. నాకన్నా బాగా ఉమ్మింది. రెండోసారి పోసుకుని మళ్ళీ పుక్కిలించింది. ఆ కాసేపట్లో కొండవాలంతా నా కళ్ళముందు తిరిగింది. తర్వాత హిల్డెగార్డ్‌తో ఇంగ్లీషులో సూటిగా చెప్పింది.

"చాలా బాగుంది. కానీ ఇప్పుడే నా మెనూలో పెట్టను. రుచి ఇంకా ముడుచుకుని ఉంది, విచ్చుకోవాలి. కొనడం ఇప్పుడే కొంటాను. నవంబరు దాకా సీసా తియ్యను."

కారు దగ్గరికి రాగానే హిల్డెగార్డ్ పగలబడి నవ్వింది. ఆవిడ అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇన్నేళ్ళకి మీవాళ్ళలో ఎదుటి మనిషి ముఖం మీదే కాదనగలిగే మనిషి కనిపించింది!"

"ఆ అమ్మాయి ఇక్కడే పుట్టిందండీ" అన్నాను.

స్నేహ అక్కడితో ఆగలేదు. తనలాగే తిప్పి పంపిన మిగతావాళ్ళందరికీ ఫోన్లు చేసింది. "ఆ అంకుల్ వస్తాడు, బ్యాడ్ బాటిల్ కూడా తెస్తాడు, చూడండి, భలే ఉంది" అని చెప్పిందట. దాన్ని చూడ్డానికే కొందరు రమ్మన్నారు. ఇరవై ఆరేళ్ళలో నేను చేసిన అన్ని అమ్మకాలకన్నా ఆ బూజు సీసా ఎక్కువ అమ్మింది. ఇందులో నీతి ఏదైనా ఉంటే మీరే తీసుకోండి. నేను చెబితే అమ్ముతున్నట్టు ఉంటుంది.

ఒక్కటి మాత్రం చెబుతాను. మీ నాలుక మీద నమ్మకం ఉండి ఎవరైనా మిమ్మల్ని బల్ల దగ్గర కూర్చోబెడితే, వాళ్ళకి కావలసింది ఆ నాలుకే. మర్యాద కావాలంటే వాళ్ళు హోటల్లోనే దిగేవాళ్ళు, దిండ్లు ఎలా ఉన్నా.

కోత

ఆగస్టు చివరికి గోడౌన్‌లో ఆ వైన్ సీసా ఒక్కటి కూడా మిగల్లేదు. డోనా తనకోసం దాచుకున్న పెట్టె కూడా పొరపాటున నేనే అమ్మేశాను. దానికి ఆవిడ నన్ను ఇంకా క్షమించలేదు.

సెప్టెంబరులో యోహెన్ ఫోన్ చేశాడు. "వాలు ఉంటుంది" అన్నాడు. కొంచెం ఆగి, "మా అమ్మ అక్కడితో ఊరుకోవడం లేదు. పైన తీగెలు చచ్చిపోయి ఖాళీగా ఉన్నచోటల్లా వసంతంలో కొత్తవి నాటుతుందట. నువ్వైనా చెప్పు" అని ఫోన్ ఆవిడకిచ్చాడు.

కొత్త తీగెలు కాసి, వైన్ అయి, నమూనా సీసాలోకి రావడానికి నాలుగేళ్ళు పడుతుంది. ఆవిడకి అప్పటికి డెబ్బై అయిదు. ఆ మాటే జాగ్రత్తగా చెప్పాను.

"లెక్క సరిగ్గానే ఉంది" అంది హిల్డెగార్డ్. "నాలుగేళ్ళ తర్వాత మార్చిలో గది ఖాళీగా ఉంచండి."

ఉంచాం. అప్పటికి నేను రిటైరై ఆరు నెలలైంది. మా ఊరి దగ్గరి డల్లెస్ విమానాశ్రయంలో ఆవిడ కర్ర పట్టుకుని మెల్లగా నడిచొచ్చింది. పెట్టె మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఇంటికొచ్చి తెరిస్తే ఎప్పటి సీసాల పక్కన ఇంకొకటుంది. చిన్నది, చీటీ లేదు, కొత్త తీగెల మొదటి కాపు. దానికి చోటు కోసం మిగతా చెప్పులూ బూట్లూ అన్నీ ఇంట్లోనే వదిలేసి, ఇంట్లో తొడుక్కునే పాత ఉన్ని జోళ్ళతోనే విమానం ఎక్కేసిందట.

ఆ వారమంతా హిల్డెగార్డ్ హెర్న్‌డన్‌లో విజయ హవాయి చెప్పులతోనే తిరిగింది. ఒక సైజు చిన్నవి. బాగానే ఉన్నాయంది.